సంతకం కోసం గుంటూరు

"అక్కా, శుక్రవారం లీవు పెట్టి గుంటూరు రాగలవా? ఒక సంతకం కావాలి."

బుధవారం రాత్రి పదకొండు దాటాక వచ్చిన ఫోన్ ఇది. చేసింది మా బాబాయి కొడుకు చందు. బీటెక్, సీఎస్‌ఈ. బీటెక్ వాళ్ల లెక్కలో చెప్పాలంటే 2-2 దాటి 3-1 గుమ్మంలో నిలబడ్డాడు.

"సంతకానికి నేనెందుకురా? బాబాయి ఉన్నాడుగా అక్కడే."

"నాన్నొద్దక్కా. నువ్వు సాఫ్ట్‌వేర్ కదా, నీకైతే అర్థమవుద్ది."

నాన్న వద్దు, అక్క కావాలి అన్నాడంటే సంగతి ఒక్క సంతకంతో పోయేది కాదని తెలుస్తూనే ఉంది. ఫోన్‌లో ఎంత అడిగినా చెప్పడు. మేనేజర్‌కి ఇంట్లో ఫంక్షన్ ఉందని అబద్ధం చెప్పి లీవు తీసుకున్నాను. గురువారం రాత్రి మియాపూర్‌లో బస్సెక్కాను.

పిడుగురాళ్ల మీదుగా

హైదరాబాద్ నుంచి గుంటూరుకి చాలామంది విజయవాడ మీదుగా వెళ్తారు. నాకు మాత్రం మిర్యాలగూడ దారే ఇష్టం. వాడపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే బస్సులో అందరూ నిద్రలో ఉంటారు. మూసీ వచ్చి కృష్ణలో కలిసేది అక్కడే. హైదరాబాద్ నీళ్లు, నేనూ ఒకే దారిన ఇంటికి వెళ్తున్నట్టు అనిపిస్తుంది. వంతెన దాటితే దాచేపల్లి, తర్వాత సున్నపు బట్టీల పిడుగురాళ్ల. ఆ ఊరికి లైమ్ సిటీ అని పేరు. చీకట్లో కూడా రోడ్డు పక్కన తెల్లటి దుమ్ము కనిపిస్తుంది.

నిద్ర పట్టలేదు. చందు వాట్సాప్‌లో పంపిన ఫామ్ తెరిచి చూశాను. పైన 'కోర్స్ రిజిస్ట్రేషన్, 3-1 సెమిస్టర్' అని ఉంది. పేరు, రోల్ నంబర్. ప్రొఫెషనల్ ఎలెక్టివ్ అని మూడు సబ్జెక్టులు, వాటిలో ఒకటి ఎంచుకోవాలి: మెషీన్ లెర్నింగ్, డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్, సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్. ఓపెన్ ఎలెక్టివ్ అని వేరే బ్రాంచి వాళ్లు చెప్పే సబ్జెక్టులు నాలుగు. ఆనర్స్ కావాలా, అవును లేదా కాదు. పెండింగ్ సబ్జెక్టులు ఎన్ని, ఏవి. కింద మెంటర్ సంతకం, పేరెంట్ లేదా గార్డియన్ సంతకం. స్కాన్ చేసి శుక్రవారం సాయంత్రం నాలుగులోపు అప్‌లోడ్ చేయాలి.

'పెండింగ్ సబ్జెక్టులు' అన్న గడి దగ్గర కాసేపు ఆగాను. నా చేత సంతకం ఎందుకో అప్పుడు అర్థమైంది.

సత్తెనపల్లి దాటేసరికి తెల్లారింది.

బ్రాడీపేట అనే టూడీ అర్రే

మామూలుగా గుంటూరులో దిగితే నేరుగా చుట్టుగుంట వైపు బాబాయి వాళ్లింటికే. పిన్ని పెట్టే కాఫీ తాగకుండా నా గుంటూరు మొదలవదు. ఆ రోజు మాత్రం చందు బ్రాడీపేటకి రమ్మన్నాడు. గుంటూరు వచ్చి పిన్ని ఇంటికి వెళ్లకపోవడం అదే మొదటిసారి.

గుంటూరు తెలియనివాళ్లకి బ్రాడీపేట గురించి ఒక మాట. అక్కడ వీధులకి నంబర్లే. నిలువుగా లైన్లు, అడ్డంగా అడ్డరోడ్లు. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అంటే 4/14. రెండు అంకెలు చెబితే చాలు, ఆటో అన్న తీసుకెళ్లి ఆ మూల మీద దింపుతాడు. ఇంటర్‌లో నేనిక్కడ హాస్టల్‌లో ఉన్నాను. బీటెక్ ఫస్టియర్‌లో సీ లాంగ్వేజీ సారు బోర్డు మీద టూ డైమెన్షనల్ అర్రే గీస్తే క్లాసంతా బుర్ర గోక్కున్నారు గానీ, నేను 'ఓహో, బ్రాడీపేట' అనుకున్నాను.

కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, పుస్తకాల షాపులు, జిరాక్సు సెంటర్లు. పొద్దున ఆరున్నరకే భుజాన బ్యాగులతో పిల్లలు. ఈ ఊళ్లో పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ఏం చదవాలో, ఎన్నింటికి లేవాలో, ఏ సెక్షన్లో కూర్చోవాలో అన్నీ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. నాకూ చెప్పారు. తప్పని అనను, వాటి వల్లే సీటొచ్చింది. కాకపోతే, నీకేం కావాలి అని అడిగే కాగితం మొదటిసారి చేతికొచ్చేది 3-1లో. అప్పటికి ఆ ప్రశ్నకి జవాబు ఆలోచించే అలవాటు మనకి ఉండదు.

టిఫిన్ బండి దగ్గర చందు కారప్పొడి ఇడ్లీ చెప్పి, అది వచ్చేలోపే కక్కేశాడు.

"రెండు బ్యాక్‌లాగులక్కా. ప్రాబబిలిటీ, కంప్యూటర్ ఆర్గనైజేషన్."

"ఎప్పట్నుంచి?"

"రెండూ 2-1వే. ప్రాబబిలిటీ సప్లీ రాశా, మళ్లీ పోయింది."

"బాబాయికి?"

"అన్నీ పాసయ్యానని చెప్పా."

ఇడ్లీ వచ్చింది. వాడు తినలేదు. ఫోన్ తీసి ఇంకో స్క్రీన్ చూపించాడు. లీట్‌కోడ్‌లో మూడొందల పైచిలుకు ప్రాబ్లమ్స్ చేశాడు. నేను వాడి వయసులో పది కూడా చేయలేదు. తెలివితక్కువవాడు కాదు, బద్ధకస్తుడూ కాదు. కాలేజీ సబ్జెక్టులు వేరు, ఉద్యోగానికి చదివేది వేరు అని ఎవరో సీనియర్ చెప్పాడట. అది నమ్మి, ప్రాబబిలిటీ క్లాసులో వెనక బెంచీలో కూర్చుని కోడింగ్ చేసుకున్నాడు.

"మరి ఈ ఫామ్‌లో ఏం టిక్ పెడదామనుకుంటున్నావు?"

"మెషీన్ లెర్నింగ్. ఇంకా ఆనర్స్ కూడా. రెజ్యూమేలో బాగుంటుంది కదా."

ప్రాబబిలిటీ రెండుసార్లు పోయినవాడు మెషీన్ లెర్నింగ్‌కి టిక్ పెడుతున్నాడు. ఎందుకని అడిగితే, "సెక్షన్ గ్రూపులో సీఆర్ పోల్ పెట్టాడక్కా. యాభైమంది దానికే వేశారు" అన్నాడు.

నేనూ ఒకప్పుడు వేశాను

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. ఎందుకంటే 2017లో, వేరే కాలేజీలో, నా 3-1లో నేనూ అదే పని చేశాను. మాకు పోల్ కూడా లేదు. సీఆర్ లేచి నిలబడి "అందరం ఇదే తీసుకుందాం, మార్కులు వస్తాయి" అన్నాడు. నాకు డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ అన్న పేరు నచ్చింది, అదేంటో పూర్తిగా తెలియకపోయినా. చెయ్యెత్తాలనుకున్నాను. ఎత్తలేదు. ఓపెన్ ఎలెక్టివ్‌గా సివిల్ వాళ్ల డిజాస్టర్ మేనేజ్‌మెంట్ వచ్చింది. ఉద్యోగంలో చేరాక సర్వర్లు పడిపోయినప్పుడల్లా మా ఫ్రెండ్స్ గ్రూపులో ఎవరో ఒకరు, "నువ్వు డిజాస్టర్ మేనేజ్‌మెంట్ చదివావుగా, చూసుకో" అంటారు.

ఉద్యోగంలో మొదటి ఏడాదంతా, రాత్రి భోంచేశాక వీడియోలు పెట్టుకుని నేను నేర్చుకున్నది డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్సే. కాలేజీలో ఒక సెమిస్టర్ పాటు, వారానికి మూడు గంటలు కూర్చుని, అర్థం కానిది అడిగే వీలుండి నేర్చుకోగలిగిన సబ్జెక్టు అది.

అప్పట్లో మాకూ మెంటర్లు ఉండేవాళ్లు, కాగితం మీద. ఇన్‌స్పెక్షన్‌కి కమిటీ వస్తోందంటే ముందురోజు సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి కౌన్సెలింగ్ రిజిస్టర్లు నింపించారు. ప్రతి నెలా కలిసినట్టు తేదీలు వేయాలి. ఒకే ఇంకు అయితే దొరికిపోతామని పెన్నులు మార్చుకుంటూ రాశాం. 'విద్యార్థి సమస్య' అన్న చోట అందరం ఏమీ లేదనే రాశాం. నాకప్పుడు ఒక సబ్జెక్టు పోయి ఉంది.

కాలేజీలో

కాలేజీ పేరు చెప్పను. ఊరు దాటాక, పసుపు బస్సులు బారులు తీరి ఉండే కాలేజీల్లో ఒకటి. అటానమస్. గేటు దగ్గర సెక్యూరిటీ అన్న నా పేరు, ఎవరి తరఫున వచ్చానన్నది రాయించుకున్నాడు. 'గార్డియన్' అని రాశాను. ఇరవై ఎనిమిదేళ్లకి ఆ మాట రాయడం వింతగా ఉంది.

సీఎస్‌ఈ బ్లాకు రెండో అంతస్తులో నోటీసు బోర్డు చుట్టూ పిల్లలు. అక్కడ పెట్టిన కరిక్యులమ్ కాగితాన్ని ఎవరూ చదవడం లేదు, ఫోటో తీసుకుని వెళ్లిపోతున్నారు. నేను నిలబడి చదివాను. డిగ్రీకి మొత్తం 160 క్రెడిట్లు. ఏఐసీటీఈ 2018లో ఇచ్చిన నమూనా కరిక్యులమ్‌లోనూ ఇదే అంకె. క్రెడిట్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. వారానికి ఒక గంట క్లాసుంటే ఒక క్రెడిట్. ల్యాబ్ అయితే రెండు గంటలకి ఒకటి. 160ని ఎనిమిది సెమిస్టర్లకి పంచితే సెమిస్టర్‌కి ఇరవై. ఆనర్స్ కావాలంటే వీటిపైన మరో ఇరవై.

చందుని పక్కకి పిలిచి ఫోన్ కాలిక్యులేటర్ ఇచ్చాను.

"కొట్టు. ఈ సెమిస్టర్‌వి ఇరవై. బ్యాక్‌లాగులు రెండూ మూడేసి క్రెడిట్లు, ఆరు. ఆనర్స్ సబ్జెక్టు ఒకటి, నాలుగు."

"ముప్పై."

"ఇరవైలో ఆరు పోగొట్టుకున్నవాడివి, ముప్పై ఎత్తుకుంటానంటున్నావు."

వాడేం మాట్లాడలేదు. అసలు బ్యాక్‌లాగులు ఉంటే ఆనర్స్ ఇవ్వరని అదే కాగితం కింది వరుసలో రాసి ఉంది. అదీ వాడు చదవలేదు.

మెంటర్ గది

మెంటర్ మేడమ్ గది అంటే గది కాదు. నలుగురు లెక్చరర్లు కూర్చునే హాల్లో, బీరువాకీ కిటికీకీ మధ్య ఒక టేబుల్. టేబుల్ నిండా ఫైళ్లు. మేడమ్‌కి నాకంటే పదేళ్లు ఎక్కువుంటాయేమో. నేను చందు వాళ్ల అక్కనని చెప్పగానే కుర్చీ లాగి ఇచ్చారు.

"మీరు సంతకం పెట్టడానికొచ్చారా, మాట్లాడటానికొచ్చారా?"

మామూలుగానే అడిగారు, వెటకారం లేదు. పొద్దుట్నుంచీ సంతకం కోసం వచ్చినవాళ్లే వచ్చారట.

"నాకు మొత్తం ఇరవై రెండు మంది మెంటీలు. క్లాసులు, ల్యాబులు, ఈ ఫైళ్లు. వీడు రెండేళ్లలో నా దగ్గరికి నాలుగుసార్లొచ్చాడు, నాలుగుసార్లూ సంతకానికే. అంతా వాడి తప్పని అనను. నేనూ పిలవలేదు" అంటూ చందు ఫైలు తీశారు.

ఆ తర్వాత జరిగింది పావుగంటే. కానీ అలాంటి పావుగంట నా నాలుగేళ్ల బీటెక్‌లో ఒక్కటీ లేదు.

మేడమ్ మార్కుల షీటు మీద వేలు పెట్టి ఒక్కో సబ్జెక్టూ చదివారు. పోయినవి కాదు, ముందు వచ్చినవి. "డేటా స్ట్రక్చర్స్ ఏ ప్లస్. ఆపరేటింగ్ సిస్టమ్స్ ఏ. డిస్క్రీట్ మ్యాథ్స్ బీ. అంటే లెక్కలు రాకపోవడం కాదు. ప్రాబబిలిటీ ఎందుకు పోయింది?"

"క్లాసు వినలేదు మేడమ్."

"సరే. అది నిజమైతే బాగుచేసుకోవచ్చు."

ఒక పాత ప్రశ్నపత్రం తిప్పి, వెనక వైపు సున్నాలు గీయడం మొదలుపెట్టారు. ఒక్కో సున్నాలో ఒక్కో సబ్జెక్టు. ప్రాబబిలిటీ నుంచి మెషీన్ లెర్నింగ్‌కి ఒక బాణం. కంప్యూటర్ ఆర్గనైజేషన్ నుంచి ఆపరేటింగ్ సిస్టమ్స్‌కి. ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్ రెండిటి నుంచీ డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్‌కి. డిస్క్రీట్ మ్యాథ్స్ నుంచి అల్గారిథమ్స్‌కి. కాగితం సగం నిండేసరికి చందు ముందుకి వంగాడు.

"మేడమ్, ఇది 207 కదా?"

మేడమ్‌కి అర్థం కాలేదు. నాకైంది. లీట్‌కోడ్‌లో 207వ ప్రాబ్లమ్ పేరే కోర్స్ షెడ్యూల్. ఏ సబ్జెక్టుకి ముందు ఏది చదవాలో జతలుగా ఇస్తారు. అన్నీ పూర్తి చేయగలమా లేదా చెప్పాలి. టోపొలాజికల్ సార్ట్ నేర్పే ప్రతి పుస్తకంలోనూ దాదాపు ఇదే ఉదాహరణ. ఇంటర్వ్యూల కోసం ఏటా ఎన్ని వేలమంది ఈ ప్రాబ్లమ్ చేస్తారో! చందు కూడా చేశాడు, అదీ రెండు పద్ధతుల్లో. కానీ ఆ గ్రాఫ్‌లో తన సబ్జెక్టులు వేసుకుని చూసుకోవాలని ఎప్పుడూ తోచలేదు. నాకూ తోచలేదు.

"ఈ రెండూ పోయాయి" అని ప్రాబబిలిటీ, ఆర్గనైజేషన్ మీద మేడమ్ అడ్డగీతలు కొట్టారు. "ఇప్పుడు చెప్పు, ఈ సెమిస్టర్‌లో దేనికి దారుంది?"

చందు కాగితాన్ని తన వైపు తిప్పుకున్నాడు. "ఆర్గనైజేషన్ పోయినా ఓఎస్‌లో ఏ వచ్చింది మేడమ్. నెట్‌వర్క్స్ ఈ సెమ్‌లోనే ఉంది. కాబట్టి డిస్ట్రిబ్యూటెడ్..." అని ఆగి, "కానీ అందరూ మెషీన్ లెర్నింగ్ తీసుకుంటే అది నడవదు కదా?" అన్నాడు.

అది నిజమైన సమస్యే. ఎలెక్టివ్ అంటే పేరుకి మన ఇష్టం. దానికో లెక్చరర్ కావాలి, ఖాళీ గది కావాలి, అన్ని సెక్షన్ల టైంటేబుల్‌లో ఒకే గంట దొరకాలి. ఈ కాలేజీలో కనీసం ఇరవైమంది లేకపోతే సబ్జెక్టు తెరవరు. అందుకే సీఆర్‌లు పోల్ పెట్టి అందరినీ ఒకే వైపు తోసేస్తారు. వాళ్లకీ పని తేలిక, ఆఫీసుకీ తేలిక.

మేడమ్ కంప్యూటర్‌లో చూశారు. "మూడు సెక్షన్లూ కలిపి డిస్ట్రిబ్యూటెడ్‌కి ఇప్పటికి పదిహేడు మంది. ఇంకా టైముంది. ఇష్టం ఉండి, పోల్ చూసి ఆగిపోయినవాళ్లు నీ సెక్షన్లో ఎవరైనా ఉన్నారా?"

"ఇద్దరున్నారు."

"వాళ్లని పంపించు. మెషీన్ లెర్నింగ్ 3-2లో మళ్లీ ఆప్షన్‌గా వస్తుంది. అప్పటికి ప్రాబబిలిటీ పాసై ఉండు. పారిపోవద్దు, ఒక సెమిస్టర్ వెనక్కి జరుపుతున్నామంతే. ఆనర్స్ మాట మర్చిపో. ఖాళీ దొరికితే ఎన్‌పీటెల్‌లో ఒక కోర్సు చూసుకో. క్రెడిట్ కావాలంటే మాత్రం చేరకముందే నా దగ్గరికి రా. ఏ కోర్సు పడితే ఆ కోర్సు లెక్కలోకి రాదు."

ఆమె సంతకం పెట్టి ఫామ్ నా వైపు జరిపారు. నేను పెన్ను తీశాను.

"మీరు పెట్టొచ్చు. గార్డియన్ అని ఉంది, రూల్ ఒప్పుకుంటుంది" అన్నారు. "కానీ ఒకటి చెప్పండి. సప్లీ ఫీజు ఎవరు కడతారు? వాడు రాత్రి రెండింటి దాకా లైటేసుకుని పాత సబ్జెక్టు చదువుతుంటే, ఎందుకని ఇంట్లో అడిగితే ఏం చెప్తాడు? దాచుకుని చదవడం కష్టమమ్మా. నేను చూస్తూనే ఉంటాను, దాచినవాళ్లే ఎక్కువసార్లు పోగొట్టుకుంటారు."

పెన్ను మూత పెట్టేశాను. చందు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

మిర్చి యార్డు

బాబాయి మిర్చి యార్డులో ఒక కమీషన్ షాపులో గుమాస్తా. ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్ అని పేరున్న చోటు అది. సీజన్‌లో అయితే అడుగు పెట్టే సందుండదు. జూలైలో కాస్త నిదానం. కోల్డ్ స్టోరేజీల్లో దాచిన సరుకే వస్తూ ఉంటుంది. అయినా గేటుకి దూరంగా ఉండగానే ఆటో అన్న ముక్కుకి కర్చీఫ్ కట్టుకున్నాడు. మేమిద్దరం దిగీ దిగగానే దగ్గు.

టిక్కీలు గోడల్లా పేర్చి ఉన్నాయి. ముఠా వాళ్లు తలకి తుండు చుట్టుకుని బస్తాలు మోస్తున్నారు. కింద రాలిన కాయల మీద నడుస్తుంటే చెప్పుల కింద కరకరమంటోంది. తేజ ఒక వైపు, 334 ఒక వైపు, రంగు పోయిన తాలు కాయలు వేరే కుప్ప. బాబాయి ఒక టిక్కీ మూతి విప్పి, గుప్పెడు కాయలు తీసి, ఒకటి విరిచి చూస్తున్నాడు. మమ్మల్ని చూడగానే కాయలు వదిలేశాడు.

"ఎప్పుడొచ్చావే? ఇంటి దగ్గర అందరూ బానే ఉన్నారా?"

"పొద్దున్నే వచ్చా బాబాయ్."

"పొద్దున్నా? ఇంటికి రాలేదే!"

దానికి నా దగ్గర జవాబు లేదు. చందు ఫామ్ తీసి ముందుకు చాపాడు. బాబాయి జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. ఇంగ్లిష్ చూసి మళ్లీ తీసేశాడు.

"ఇందులో ఏం రాశారో చదివి చెప్పు."

చందు చదివాడు. మొదట గబగబా చదివితే బాబాయి ఆపాడు. "నిదానంగా. క్రెడిట్ అంటే ఏందది?" చందు చెప్పాడు. ఎలెక్టివ్ అంటే ఏంటో, మూడిట్లో ఒకటి ఎందుకు ఎంచుకోవాలో, తను దేన్ని ఎంచుకున్నాడో, అది ఎందుకో చెప్పాడు. సర్వర్ల గురించి చెప్పడానికి పక్క షాపుల్ని చూపించాడు. "ఒక్క షాపు మూతపడినా యార్డు ఆగదు కదా నాన్నా, అట్లా పనిచేసే కంప్యూటర్ల గురించి." వాడు ఆ సబ్జెక్టు గురించి ఒక మనిషికి అర్థమయ్యేలా చెప్పడం అదే మొదటిసారి అనుకుంటా. బాబాయి తలూపుతూ విన్నాడు.

చివరికి ఆ గడి వచ్చింది. చందు ఆగాడు.

"పెండింగ్ సబ్జెక్టులు రెండు నాన్నా."

"పెండింగ్ అంటే?"

"ఫెయిలయ్యా."

బాబాయి కాసేపు ఏమీ అనలేదు. చందు కళ్లల్లో నీళ్లు. నా కళ్లల్లోనూ నీళ్లు. బాబాయి కూడా తుండుతో కళ్లు తుడుచుకున్నాడు. మిర్చి యార్డులో నిలబడితే ఎవరు ఘాటుకి ఏడుస్తున్నారో, ఎవరు నిజంగా ఏడుస్తున్నారో తెలియదు.

"మళ్లీ పరీక్ష ఎప్పుడు?"

"నవంబర్‌లో."

"ఫీజెప్పుడు కట్టాలి?"

"నోటిఫికేషన్ రావాలి నాన్నా."

"వచ్చినప్పుడు నాకు చెప్పు. నాకే చెప్పు." ఆ 'నాకే' దగ్గర ఒక్కసారి నా వైపు చూశాడు. లెక్కల పుస్తకం కింద పెట్టుకుని ఫామ్ మీద సంతకం చేశాడు. మూల మీద ఎర్రటి వేలి మరక పడింది. "మీ అమ్మకి నేను చెప్తాలే" అని, టిక్కీ మూతి మళ్లీ కుట్టించడానికి ముఠా అతన్ని పిలిచాడు. అంతే. నేను ఊహించుకున్న గొడవేదీ జరగలేదు. అలాగని ఏమీ జరగలేదనీ అనలేను. ఆ పూట ఇంటికొచ్చి భోంచేసేటప్పుడు బాబాయి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పిన్ని మాత్రం నా కంచంలో గోంగూర పచ్చడి వేస్తూ, "బ్రాడీపేటలో ఇడ్లీ బావుందా?" అంది.

మూడు యాభైకి ఫామ్ అప్‌లోడ్ అయింది. మిర్చి మరకతో సహా స్కాన్ అయింది.

టిక్ పెట్టే ముందు

ఇది చదివేవాళ్లలో 3-1, 3-2 గుమ్మాల్లో ఉన్నవాళ్లు చాలామందే ఉంటారు. అక్కలా నాలుగు మాటలు చెప్తాను.

కరిక్యులమ్ కాగితం ఫోటో తీసి వదిలేయకుండా, ఒకసారి మొత్తం చదవండి. మీ సబ్జెక్టుల గ్రాఫ్ మీరే గీసుకోండి. పది నిమిషాల పని. పోయినవాటి మీద అడ్డగీత కొట్టి, దేనికి దారుందో చూడండి. క్రెడిట్లు కూడి, వారానికి ఎన్ని గంటలవుతుందో లెక్కేయండి. ఆనర్స్, మైనర్ లాంటివి ఆ లెక్కయ్యాకే.

మీ కాలేజీలో నచ్చిన సబ్జెక్టు తెరవకపోతే, ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన స్వయం ఉంది. అందులో ఎన్‌పీటెల్ కోర్సులు ఉచితం. సర్టిఫికెట్ పరీక్షకి మాత్రం ఫీజు ఉంటుంది. ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చేయడానికి యూజీసీ 2021లో వీలిచ్చింది. అయితే మీ కాలేజీ ఆ సెమిస్టర్‌కి ఏవి ఒప్పుకుందో ముందే అడిగి, రాతపూర్వకంగా తెలుసుకున్నాకే చేరండి. పూర్తి చేశాక అడిగితే లాభం లేదు.

సీఆర్ పోల్‌లో ఓటు వేయకముందే మెంటర్ దగ్గరికి వెళ్లండి. సంతకం కోసం కాకుండా, ఖాళీ చేతులతో. వాళ్లకి టైముండదు, నిజమే. "ఎప్పుడు రమ్మంటారు?" అని అడిగితే చాలామంది ఒక టైము చెప్తారు. చెప్పనివాళ్లూ ఉంటారు. అప్పుడు మీకు నచ్చిన సబ్జెక్టు చెప్పిన లెక్చరర్‌ని అడగండి.

నేను ఆ రాత్రే బస్సెక్కాను. పిడుగురాళ్ల దాటాక చందు నుంచి మెసేజ్ వచ్చింది. డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్‌కి ఇరవై ఒక్కమంది అయ్యారు. సబ్జెక్టు నడుస్తుంది. సోమవారం ఒంటిగంటకి మేడమ్ రమ్మన్నారట.

"వెళ్తావా?" అని పెట్టాను.

"నాన్న అడుగుతాడక్కా, వెళ్లకపోతే."

నవంబర్ సప్లీలో ప్రాబబిలిటీ పాసయ్యాడు, సీ గ్రేడ్. కంప్యూటర్ ఆర్గనైజేషన్ మళ్లీ పోయింది. ఫలితం వచ్చిన రోజు ముందు యార్డుకి ఫోన్ చేసి, తర్వాతే నాకు చేశాడు. ఆ పాత ప్రశ్నపత్రం వెనకాల మేడమ్ గీసిన గ్రాఫ్ ఫోటో కూడా పంపాడు. అడ్డగీత కొట్టిన రెండు సున్నాల్లో ఒకదాని మీద ఇప్పుడు ఎర్ర పెన్నుతో టిక్కు ఉంది.